జనరేటర్ డైరీ: ఇరవై నిమిషాలకు ఆగిపోయే బండి

సెప్టెంబర్ 6, శనివారం

నిన్న రాత్రి వానకు కరెంటు పోయింది. డీజీ (మా డీజిల్ జనరేటర్, మేం బండి అంటాం) స్టార్టయింది, లిఫ్టులు కదిలాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా ఇరవై నిమిషాలకు బండి దగ్గడం మొదలుపెట్టి ఆగిపోయింది. రెండో ఫ్లోర్ అమ్మమ్మగారు కూరగాయల సంచితో లిఫ్టులో చిక్కుకున్నారు. బయటికి తీసేసరికి ఆవిడకంటే మాకే ఎక్కువ చెమటలు పట్టాయి.

మాది బెంగళూరులో మారతహళ్లి దగ్గర నలభై ఎనిమిది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వెనక గేటు పక్కన పచ్చ రంగు డబ్బాలో 62.5 కేవీఏ జనరేటర్ ఉంటుంది. 2013లో కొన్నది. ఇంజనుకు ఒత్తిడితో డీజిల్ అందించేది పాత పద్ధతి మెకానికల్ పంపు, అడుగున బేస్ ఫ్రేములోనే 120 లీటర్ల ట్యాంకు. ఈ ఏడాది జనవరిలో, ఏప్రిల్‌లో, జులైలో మూడుసార్లు సర్వీసువాళ్లు ఫిల్టర్లు మార్చారు. ప్రతిసారీ ఒకటే మాట, "ఫిల్టర్ చోక్ అయింది సార్." ఇప్పుడేమో పంపు విప్పి ఓవర్‌హాల్ చేయాలని ఎస్టిమేట్ పంపారు. అది చూసి సెక్రటరీగారు రెండు రోజులు గ్రూపులో గుడ్‌మార్నింగ్ కూడా పెట్టలేదు.

మీటింగులో నేనే నోరు జారాను, "నేను ఒకసారి చూస్తాను" అని. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మెకానిక్ పని నేర్చుకున్నవాణ్ని కాను. కాకపోతే కదిరి పక్కన మా ఊళ్లో, బావి దగ్గర ఆయిలింజను డీజిల్ పైపులో గాలి చేరి మొరాయించినప్పుడల్లా మా నాన్న పక్కన పానాలు అందిస్తూ పెరిగాను. అసలు ధైర్యం మాత్రం మూడో ఫ్లోర్ బాబాయిగారు. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లకు పైగా బస్సుల డీజిల్ పంపులు చూసి రిటైరయిన మనిషి. మోకాళ్లు వంగవు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెబుతారు, నేను చేస్తాను.

మొదటే ఒక హద్దు గీసుకున్నాం. ట్యాంకు, పైపులు, ఫిల్టర్లు, గాలి తీయడం వరకు మా పని. పంపు లోపలికి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల జోలికి, స్విచ్‌లుండే పానెల్ వైరింగ్ జోలికి వెళ్లం. అవసరమైతే పంపును విప్పకుండా అలాగే పంపు షాపుకు పంపుతాం.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఉదయం ఎనిమిదికే మొదలుపెట్టాం, బండి రాత్రంతా చల్లారింది కాబట్టి. గ్లవ్స్ వేసుకుని, మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ చేతికందేలా పెట్టి, ఇసుక బకెట్లు తెచ్చి, నేను పెద్ద తయారీతో ఉన్నాననే అనుకున్నాను. డబ్బా తలుపు తీసి ఫిల్టర్ వైపు చెయ్యి పెట్టబోతుంటే కుర్చీలోంచి గట్టిగా వినిపించింది.

"నాయనా, ముందు పానెల్ చూసినావా?"

చూడలేదు. సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉంది. కరెంటు పోతే ఎవరూ నొక్కకుండానే బండి తనంతట తాను సెల్ఫ్ కొట్టుకునే ఏర్పాటు అది. అప్పుడు నా చెయ్యి ఫ్యానుకు జానెడు దూరంలో ఉంది. నేను నిప్పుకు సిద్ధపడి వచ్చాను, ఫ్యాను సంగతే నా బుర్రలో లేదు.

బాబాయిగారు వరుసగా చేయించారు. సెలెక్టర్ ఆఫ్‌కు తిప్పాను. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ నొక్కి ఉంచాను. బ్యాటరీ చార్జర్ స్విచ్ కట్టేశాను, లేకపోతే టెర్మినల్ ఊడదీసేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, చార్జయ్యే బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు ఆ ఒక్క రవ్వ చాలు. ఆ తర్వాత నెగెటివ్ టెర్మినల్ ముందు తీశాను. ముందు పాజిటివ్ విప్పుతూ పానా పొరపాటున ఇంజను బాడీకి తగిలితే షార్టే. తీసిన కేబుల్ కొసకు పాత సైకిల్ ట్యూబు తొడిగి పక్కకు కట్టాను. పానెల్ తాళంచెవి నా జేబులో. అట్టముక్క మీద "మనుషులు పని చేస్తున్నారు, ముట్టుకోవద్దు" అని తెలుగులో, కన్నడలో, హిందీలో రాసి వేలాడదీశాం. కన్నడ వాక్యం ఇస్త్రీ అంగడి అన్న రాసిచ్చాడు.

నలభై నిమిషాల తర్వాత కరెంటు పోయింది. నిజంగానే. డబ్బాలో చిన్న చప్పుడు కూడా లేదు. నా చెయ్యి అప్పటికి ఫిల్టర్ కింద, మోచేతి వరకు లోపలుంది. బాబాయిగారు నా మొహం చూశారు, నేను తాళంచెవి ఉందా లేదా అని జేబు తడుముకున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అంతలో పైనుంచి ఎవరో "డీజీ ఎందుకు వేయలేదు?" అని అరిచారు.

ఇక అసలు పని. ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ ముందు నీరు పట్టే సెపరేటర్ గిన్నెలోకి, అక్కడినుంచి మెయిన్ ఫిల్టర్‌లోకి, ఆపై పంపుకు వెళ్తుంది. గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ మర కొద్దిగా తిప్పి, వచ్చినదాన్ని ఆవకాయ ఖాళీ అయిన గాజు సీసాలో పట్టాను. పది నిమిషాలు కదపకుండా ఎండ తగలని గట్టు మీద పెట్టాం. సీసా సగానికి పైగా నీళ్లే. నీటికీ పైన తేలిన డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు తెట్టు, నానబెట్టిన సబ్జా గింజల్లా.

బాబాయిగారు దాన్ని చూడగానే "పురుగు పట్టింది" అన్నారు. డిపోల్లో అలాగే అంటారట. నిజానికి అది సూక్ష్మజీవుల పని. కొన్ని రకాల బూజులు, బ్యాక్టీరియా నీళ్లలో బతుకుతూ పైనున్న డీజిల్‌ను తింటాయి. వాటి మడ్డే ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తుంది. నీళ్లు లేకపోతే అవి పెరగలేవు. మూడుసార్లు ఫిల్టర్ మార్చినా ఏ ఒక్కరూ గిన్నెలోది సీసాలో పట్టి చూడలేదంటే బాధేసింది.

నీళ్లు పంపులోకి వెళ్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. పంపులో డీజిల్‌ను ముందుకు నెట్టే ప్లంజర్‌కూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఆ సందులో నూనెలా జారుడు ఇచ్చేది డీజిలే. దాని బదులు నీళ్లొస్తే లోహం మీద లోహం రాసుకుంటుంది.

సెప్టెంబర్ 13, శనివారం

ఈ రోజు ట్యాంకు ఖాళీ చేయడం. వాచ్‌మన్ భయ్యా (ఒడిశా మనిషి, పనిమంతుడు) ట్యూబు తెచ్చి నోటితో పీల్చబోయాడు. ఎప్పుడూ అలాగే తీస్తాడట. ఆపాం. డీజిల్ కడుపులోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. చిన్న గుక్క పొలమారినా లోపల వాపు వచ్చి న్యుమోనియాలా ముదురుతుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు కూడా, వాంతిలో అది మళ్లీ ఊపిరితిత్తుల దారి పట్టే అవకాశం ఉంది. నేరుగా ఆసుపత్రికే. భయ్యాకు ఇదంతా నా వచ్చీరాని హిందీలో చెప్పాను. నవ్వి ట్యూబు పక్కన పడేశాడు. డ్రమ్ములో వాడే చేతి పంపుతో తోడాం.

లైటు విషయంలో కూడా బాబాయిగారు ఒప్పుకోలేదు. నేను ఎక్స్‌టెన్షన్ బాక్సుతో బల్బు తెస్తే వెనక్కి పంపారు. తలకు కట్టుకునే చిన్న ఎల్ఈడీ లైటు చాలన్నారు. డీజిల్ పెట్రోలులా వెంటనే అంటుకోదని అందరికీ ఒక ధీమా. మన దేశపు ప్రమాణంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. బెంగళూరులో బయట 28 డిగ్రీలే ఉండొచ్చు, నడిచి ఆగిన ఇంజను డబ్బాలో మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. పైగా సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ ఆ లెక్కలేవీ చూడదు, వేడి ఎగ్జాస్ట్ పైపు తగిలితే భగ్గుమంటుంది. అందుకే మా పనులన్నీ పొద్దున్నే, చల్లటి బండి మీద.

తోడుతున్నంతసేపు కబుర్లు. డీజిల్ అనేది మనిషి పేరని బాబాయిగారికి తెలుసు కానీ, 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపించారని, ఆ సంగతి రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా చెప్పాడని తెలీదు. "అయితే మీ కదిరి కాయలు గానుగ ఆడించి పోద్దామా?" అన్నారు. మళ్లీ ఆయనే, "వద్దులే, పచ్చి నూనె పోస్తే నాజిళ్లకు మడ్డి గట్టుకుంటుంది, అప్పుడు మన బతుకు బజ్జీల బండే" అన్నారు.

అడుగుకు వచ్చేసరికి నాలుగు లీటర్ల నీళ్లు. ట్యాంకు మూత విప్పి చూస్తే గోడల మీద అదే తెట్టు, మూలల్లో తుప్పు రజను. పీచు రాలని గుడ్డలతో, తాజా డీజిల్‌తోనే తుడిచి, తుడిచిన మడ్డిని మళ్లీ తోడి, మూడు విడతలు కడిగాం. సబ్బు నీళ్లు పోయొద్దని గట్టి ఆర్డర్. గుడ్డలన్నీ మూతున్న ఇనప డబ్బాలోకి.

ట్యాంకు ఒక మూల చెమ్మ కనిపించింది. రేకుల అతుకు దగ్గర సన్నగా కారుతోందేమో. రోడ్డు చివర వెల్డింగ్ షాపు కుర్రాడు వచ్చి చూసి, "ఖాళీగానే ఉంది కదా అన్నా, ఇక్కడే రెండు చుక్కలు వేస్తా" అన్నాడు. బాబాయిగారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్లు వంగని మనిషి అంత వేగంగా లేవడం నేను మొదటిసారి చూశాను. ద్రవం పోయినంత మాత్రాన ట్యాంకు ఖాళీ కాదు, లోపల ఆవిరి నిండి ఉంటుంది. వెల్డింగ్ వేడికి అది పేలుతుంది. తుడిచి, సున్నం నీళ్లు పూసి ఆరబెట్టి చూస్తే కారడం లేదు. పైన పైపును కలిపే యూనియన్ నట్టు దగ్గర కారి కిందికి జారిన చెమ్మ అంతే. నట్టు దగ్గర రాగి వాషర్ పాతది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఈ రోజు పానా ముట్టుకోలేదు, అయినా ఇప్పటివరకు అన్నిటికంటే మంచి రోజు.

ట్యాంకు డబ్బా లోపలుంది, మూత గట్టిగా ఉంది, వాన నేరుగా పడే దారి లేదు. గాలిలో తేమ రాత్రి చల్లదనానికి ట్యాంకు గోడలకు పట్టడం నిజమే, సగం ఖాళీ ట్యాంకులో అది మరీ ఎక్కువ. కానీ నాలుగు లీటర్లా?

నేను ట్యాంకు చుట్టూ తిరుగుతుంటే బాబాయిగారు అడిగారు, "దీంట్లోకి డీజిల్ యాడనుంచి వస్తుంది?"

సంపు గోడ వెనక 200 లీటర్ల డ్రమ్ము. నిటారుగా నిలబెట్టి, పైన చిరిగిన నీలం టార్పాలిన్ కప్పి ఉంది. టార్పాలిన్ తీస్తే డ్రమ్ము తల మీద అంచు వరకు వాన నీళ్లు, చిన్న పళ్లెంలా. ఆ నీళ్లలోనే బిరడా మునిగి ఉంది.

ఆయన చెప్పింది విని నాకు బుర్ర తిరిగింది. పగలు ఎండకు డ్రమ్ములో గాలి వ్యాకోచించి, బిరడా మర చుట్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపల గాలి కుంచించుకుపోయి బయటిదాన్ని పీల్చుకుంటుంది. బయట గాలి ఉంటే గాలి, నీళ్లుంటే నీళ్లు. రోజుకు కొన్ని చుక్కలు. మే నెల వానల నుంచి సెప్టెంబర్ దాకా మా డ్రమ్ము ప్రతి రాత్రీ నీళ్లు తాగుతూ వచ్చింది.

పెట్రోల్ బంకుల్లో ట్యాంకులో నీళ్లు చూడటానికి వాడే పేస్టు ఒక ట్యూబు తెప్పించాను. సన్నటి కర్రకు రాసి డ్రమ్ములో అడుగు దాకా ముంచి, కాసేపు ఉంచి తీశాం. అడుగు నుంచి మూడు సెంటీమీటర్లు ఎర్రబడింది. డ్రమ్ము అడుగు వైశాల్యంతో గుణిస్తే ఏడు లీటర్ల పైచిలుకు నీళ్లు. అంతకంటే ఘోరం, మా చేతి పంపు గొట్టం సరిగ్గా అడుక్కి ఆనుతోంది. ట్యాంకు నింపిన ప్రతిసారీ ముందుగా వెళ్లేది నీళ్లే! మేమే మా చేతులతో, గరాటు పెట్టి మరీ పోశాం.

చేసిన మార్పులు మూడు. గొట్టాన్ని అడుగుకు ఏడు సెంటీమీటర్లు పైన ఆగేలా కోశాం. డ్రమ్మును పైకప్పు కిందికి తెచ్చి, ఒక పక్క ఇటుక పెట్టి కొద్దిగా ఒరిగించాం, నీళ్లు పడినా బిరడాల దగ్గర నిలవకుండా. ఇక మీదట పోసే డీజిల్ సన్నటి జాలి ఉన్న గరాటులోంచే.

సెక్రటరీగారు వచ్చి డ్రమ్ముకు లైసెన్సు అక్కర్లేదా అని టెన్షన్ పడ్డారు. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ 'బి' తరగతి. ఒకచోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే నిల్వకు ఆ లైసెన్సు అవసరం లేదు. మా డ్రమ్మూ ట్యాంకూ కలిపినా 320. ఆయన ముఖం వికసించింది. కానీ డ్రమ్ము పక్కనే ఆయన నిల్వ చేయించిన పాత పెయింట్ డబ్బాలు, థిన్నర్ సీసాలు చూపించి అవి ఈ రోజే తీయించండి అన్నాం.

సెప్టెంబర్ 20, శనివారం

బిగించే రోజు. కొత్త సెపరేటర్, కొత్త ఫిల్టర్, కొత్త రాగి వాషర్లు. వాషర్ చవకైన వస్తువు అని పాతదాన్నే మళ్లీ వేస్తారు. ఒకసారి నలిగిన రాగి రెండోసారి సరిగ్గా కూర్చోదు, డీజిల్ కారకపోయినా గాలి పీల్చుకుంటుంది. కారేది కంటికి కనబడుతుంది, పీల్చేది కనబడదు.

పైపుల్లో ఒక జీఐ నిపుల్ (జింకు పూత పూసిన ఇనప జాయింటు ముక్క) దొరికింది, ఎప్పుడో ఎవరో ప్లంబర్ సామాన్లలోంచి తెచ్చి వేసినట్టుంది. తీసేశాం. జింకు పూతకూ డీజిల్‌కూ పడదు, సబ్బులాంటి మడ్డి తయారై ఫిల్టర్లలో చేరుతుంది. దాని స్థానంలో మామూలు ఇనుము.

కొత్త ఫిల్టర్‌ను డీజిల్‌తో నింపి బిగిద్దామని నేను డబ్బా ఎత్తాను. మా నాన్న అలాగే చేసేవారు. బాబాయిగారు ఒప్పుకోలేదు. పైనుంచి పోసింది వడకట్టకుండా శుభ్రమైన వైపుకే చేరుతుంది, దాని తర్వాత ఇక ఆపేవాడెవడూ లేడు, నేరుగా పంపే. కాబట్టి ఖాళీ ఫిల్టర్ బిగించి, చేత్తో కొట్టే చిన్న పంపు, అంటే హ్యాండ్ ప్రైమర్‌తో నింపాలి. సెపరేటర్ వైపు నుంచి వరుసగా వచ్చాం. ఫిల్టర్ తల మీద బ్లీడింగ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేసి ప్రైమర్ కొట్టాను. మొదట ఉత్త గాలి, తర్వాత నురగ, తర్వాత బుడగలు, చివరికి తీగలా డీజిల్. అప్పుడు బిగించి, పంపు దగ్గర స్క్రూతో మళ్లీ అదే. నూరు దెబ్బల దాకా కొట్టి ఉంటాను. బొటనవేలు ఇంకా మంటగానే ఉంది. కింద ట్రే పెట్టాం కాబట్టి నేల మీద చుక్క పడలేదు.

చిందినదంతా తుడిచాకే బ్యాటరీ కలిపాను. సెల్ఫ్ పది సెకన్లు కొట్టి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ కొడితే మూడోసారికి అందుకుంది. 1500 ఆర్పీఎమ్, మీటర్లో 50 హెర్ట్జ్, ముల్లు కదలడం లేదు. ఆనందంలో నేను రెండో నాజిల్ పైపు నట్టు దగ్గర ఏదో మెరిసినట్టుంటే వేలితో తడిమి చూడబోయాను.

బాబాయిగారు నా మణికట్టు మీద కొట్టారు. నిజంగా కొట్టారు.

ఇలాంటి పాత ఇంజన్లలో నాజిల్ తెరుచుకునే ఒత్తిడి 200 బార్లు, ఆ పైన. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. చర్మం చీల్చుకుని లోపలికి పోవడానికి ఏడు బార్లు చాలు. వెంట్రుకంత సన్నటి ధార, కంటికి కూడా కనబడదు. తగిలితే దోమ కుట్టినట్టు చిన్న చుక్క, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం డీజిల్ నరాల వెంట, కండ వెంట పాకుతుంది. కట్టు కట్టి పొద్దున చూద్దాం అనుకున్నవాళ్లకు వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని నోరు విప్పి చెప్పాలి, బయటి గాయం చూసి ఎవరికీ అర్థం కాదు కాబట్టి. వాళ్ల డిపోలో ఒకాయనకు చూపుడువేలు సగమే ఉండేదట. ఆయన పేరు అడిగితే చెప్పలేదు.

బండి ఆపి, నట్టు దగ్గర తుడిచి, మళ్లీ నడిపించి పెద్ద అట్టముక్కను దూరంగా పట్టుకుని చూశాం. అట్ట మీద మరక పడలేదు. మెరిసింది అంతకుముందు చిందిన చుక్కే. ఇప్పుడు వస్తున్న కామన్ రైల్ ఇంజన్లలో (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఒత్తిడి వేయి బార్లు దాటి ఎక్కడికో పోతుంది. వాటికి నాజిల్ పైపు నట్టు వదులు చేసి గాలి తీసే పాత అలవాటు పనికిరాదు, బండి ఆపిన వెంటనే కూడా ముట్టుకోకూడదు. మాది పాత బండే అయినా ఆ నట్లు మేం విప్పలేదు, అవసరం రాలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

లోడు మీద గంట టెస్టు. గ్రూపులో ముందే చెప్పి మెయిన్ కరెంటు ఆపించాం. రెండు లిఫ్టులు, నీళ్ల మోటారు, ఫ్లాట్లన్నీ బండి మీదే. సెక్రటరీగారు మైసూర్‌పాక్ తెచ్చారు.

ముప్పై అయిదో నిమిషంలో ముల్లు 49కి జారింది. 50, 48, 50, 47. దగ్గు. ఆగిపోయింది.

మైసూర్‌పాక్ డబ్బా ఎవరూ తెరవలేదు. మూడు వారాంతాలు, నాలుగు లీటర్ల నీళ్లు, అంత కథ, అదంతా అబద్ధమా? పంపే పోయిందేమో అని నేను లోపల లోపల ఎస్టిమేట్ కాగితం గుర్తుచేసుకుంటున్నాను. బాబాయిగారు మాత్రం, "ట్యాంకు మూత తియ్యి, చెవి పెట్టి విను" అన్నారు.

మూత తిప్పగానే లోపలికి గాలి 'ఉస్స్' మంటూ పోయింది. రెండు మూడు సెకన్ల పాటు.

ట్యాంకులోంచి డీజిల్ తగ్గినంత మేరా పైనుంచి గాలి రావాలి. అందుకోసం డబ్బా పక్కనుంచి గొడుగు పిడిలా వంగిన సన్నటి గాలి గొట్టం ఉంది. దాని కొసలో మట్టి గూడు! కందిరీగ గట్టిగా, చక్కగా మెత్తి పెట్టింది. మూతకు రబ్బరు వాషర్ ఉంది కాబట్టి అటునుంచీ గాలి రాదు. పైగా నిన్న నేను అత్యుత్సాహంతో ట్యాంకు మెడ దాకా నింపాను. లోపల గాలికి మిగిలిన చోటు పది లీటర్లంత ఉంటుందేమో. లోడు మీద అరగంటలో అయిదారు లీటర్లు ఖర్చయ్యేసరికి లోపల వాక్యూమ్ ఏర్పడి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఇక లాగలేక చేతులెత్తేసింది. పాత ఫిల్టర్లు మూసుకుపోయి ఉన్నప్పుడు ఇరవై నిమిషాలకే ఆగేది, కొత్తవి వేశాక ముప్పై అయిదు. నీళ్లు నిజమే, మడ్డి నిజమే. కానీ ఒక కారణం దొరికిందని నేను రెండోదాన్ని వెతకడం మానేశాను. రోజూ బగ్గులు పట్టే ఉద్యోగం చేస్తూ ఈ తప్పు చేశానంటే ఆఫీసులో చెప్పుకోలేను.

తీగతో గూడు తీసి, గొట్టం కొసకు సన్నటి ఇత్తడి జాలి కట్టాం. పది లీటర్లు వెనక్కి తోడాం, ఎలాగూ మెడ దాకా నింపకూడదు. నూరు లీటర్ల డీజిల్ ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర లీటరు పైగా పెరుగుతుంది, అది పొంగి వేడి ఇంజను పక్కకే కారుతుంది. మళ్లీ ప్రైమర్ కొట్టి గాలి తీసి, మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే మూడున్నర దాకా నడిచింది. ముల్లు కదల్లేదు. మైసూర్‌పాక్ అప్పుడు తిన్నాం.

సెప్టెంబర్ 27, శనివారం

మిగిలిన చెత్త పంపించాం. నీళ్లు కలిసిన డీజిల్, మడ్డి, గుడ్డలు, పాత ఫిల్టర్లు అన్నీ మూతలు బిగించి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వాడేసిన నూనెలు తీసుకునేవాళ్లకు ఇచ్చి రసీదు తీసుకున్నాం. "ఆ కాస్త కాలువలో పోస్తే పోలా?" అన్నవాళ్లు లేకపోలేదు. మా వైపు వాన కాలువలు చివరకు చెరువుల బాటే పడతాయి. 2015లో, 2017లో, 2018లో బెళ్లందూరు చెరువు మీద మంటలు టీవీలో చూసిన ఊరు ఇది. ఎక్కువ వాదించలేదు, రసీదు ఫోటో గ్రూపులో పెట్టాను.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ. బెంగళూరులో ఈ రోజు స్కూటరు నుంచి లాండ్రీ ఇస్త్రీ పెట్టె దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. మా డీజీకి కూడా అరటి పిలకలు, బంతిపూల దండ, బూడిద గుమ్మడికాయ. నేను వెళ్లేసరికి అరటి పిలకలు సరిగ్గా డబ్బాకు గాలి వెళ్లే జాలికి అడ్డంగా కట్టి ఉన్నాయి, అగరొత్తుల స్టాండు డీజిల్ పోసే మూత పక్కన వెలుగుతోంది. కర్పూరం హారతి సిద్ధం.

ఎవరి మనసూ నొప్పించకుండా పిలకలు గేటుకు మార్చాం, అగరొత్తులు ఎదురుగా తులసి కోట దగ్గరికి. హారతి పది అడుగుల దూరం నుంచి ఇచ్చారు. "దేవుడికి దూరం లెక్క లేదులే" అన్నారు బాబాయిగారు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, పానెల్ ఆటోలో ఉందో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. ఉంది.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్న రాత్రి కరెంటు లేక బండి రెండు గంటలు నడిచిందని భయ్యా పొద్దున్నే చెప్పాడు. పానెల్ ఆఫ్, స్టాప్ బటన్, చార్జర్, నెగెటివ్, తాళంచెవి జేబులో. సెపరేటర్ మర తిప్పి అదే ఆవకాయ సీసాలో పట్టాను. ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది. అడుగున వేరుశనగ గింజంత నీటి బొట్టు. డ్రమ్ములో పేస్టు కర్ర ముంచితే కొస కూడా ఎర్రబడలేదు. గాలి గొట్టం జాలి మీద కందిరీగ మళ్లీ కొద్దిగా మట్టి తెచ్చి పెట్టింది. తుడిచేశాను.

రిజిస్టరులో రాసి భయ్యా చేత సంతకం పెట్టించాను. వచ్చే ఆదివారం నుంచి సీసా పట్టేది అతనే, బాబాయిగారు కుర్చీలో ఉంటారు.